పంజరంలో చిలుక మీద పద్యం: నిరసన ఎవరి గొంతుతో పలకాలి?

జోస్యం చెప్పించే చిలుకల నిర్బంధాన్ని నిరసిస్తూ ఐదు పద్యాల ఖండిక ఒకటి రాస్తున్నాను. నాలుగు పద్యాలు కుదిరాయి, చివరిది మాత్రం రెండు నెలలుగా లొంగడం లేదు. రెక్కలు కత్తిరించిన రామచిలుక, తలుపు తీయగానే బయటికి నడిచి వచ్చి, ముక్కుతో ఒక కార్డు లాగి, ఒక వడ్లగింజ అందుకుని, ఎవరూ తోయకుండానే తిరిగి పంజరంలోకి వెళ్ళిపోవడం ఆ పద్యానికి వస్తువు. అది వెనక్కి వేసే ఆ నాలుగు అడుగుల్లోనే క్రౌర్యమంతా ఉందని నా నమ్మకం.

మొదట చిలుకే మాట్లాడినట్టు ఉత్పలమాలలో రాశాను. దాని మీద కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ నీడ పడింది. విన్నవారు జాలిపడ్డారు గాని ఒక్కరికీ కోపం రాలేదు. తరువాత కవే నిలదీసినట్టు ఆటవెలదిలోకి మార్చితే, నింద అంతా పూట గడవక చెట్టు కింద కూర్చున్న జోస్యుడి మీద పడింది. అది నాకు సమ్మతం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ చిలుకలను బంధించడం నేరమన్న సంగతిని తేటగీతిలో ఇమిడ్చి చూశాను. గణాలు, యతి సరిపోయాయి గాని మూడో పాదానికే పద్యం ప్రభుత్వ ప్రకటనలా వినిపించింది.

నింద తగలవలసింది డబ్బిచ్చి తన భవిష్యత్తు అడిగే మనిషికి, అంటే నా శ్రోతకే. చిలుక గొంతూ కవి గొంతూ పనికిరాని ఈ చోట, చివరి పద్యాన్ని ఎవరి గొంతుతో చెబితే ఆ నింద శ్రోతకు సూటిగా తగులుతుంది?