ఆర్‌సీఐ నంబర్ రాకముందే స్పీచ్ థెరపీ మొదలుపెట్టొచ్చా?

నమస్తే. మాది గుంటూరు, బ్రాడీపేట. బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యలు చూసే డిగ్రీ) నాలుగేళ్లూ అయిపోయాయి, ఇంటర్న్‌షిప్ పోయిన నెలే ముగిసింది. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్‌కు అప్లై చేశాను, నంబర్ ఇంకా రాలేదు. ఈలోగా ఇక్కడి ఒక సెంటర్‌ వాళ్లు "రేపే వచ్చెయ్యమ్మా, పిల్లల్ని నువ్వు చూడు, రిపోర్టుల మీద మేడమ్ సంతకం పెడతారు" అంటున్నారు. ఆ మేడమ్ వచ్చేది వారానికి రెండు రోజులే.

నిన్న వెళ్లి చూశాను. మూడున్నరేళ్ల బాబు, "అమ్మ", "తాత" తప్ప మాటల్లేవు. వినికిడి పరీక్ష చేయించారా అంటే లేదన్నారు. వాళ్ల నాన్న మిర్చి యార్డులో హమాలీ. పని మానుకుని వచ్చి "మావాడికి మాటలొస్తాయా అమ్మా?" అని నన్నే అడిగాడు. నాకింకా నంబరే లేదని ఆయనకు తెలియదు. రాత్రంతా నిద్ర లేదు. ఇంట్లోవాళ్లేమో జీతం వస్తుంటే ఆలోచన దేనికంటున్నారు. చేరమంటారా?

జవాబు 1 (సూర్యారావుపేట, విజయవాడ)
ఆ పద్ధతిలో వద్దమ్మా. పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, అందుకే గట్టిగా చెబుతున్నా. 1992 ఆర్‌సీఐ చట్టం 13వ సెక్షన్ ప్రకారం సెంట్రల్ రిజిస్టర్‌లో పేరు ఉన్నవాళ్లే దేశంలో ఎక్కడైనా ప్రాక్టీస్ చెయ్యాలి. తప్పితే ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యేగా అనుకోకు. మేడమ్ లేని రోజున పిల్లాడి బాధ్యత ఎవరిది? ఆ రెండు రోజులూ ఆమె పక్కన కూర్చో, కేస్ హిస్టరీ ఎలా తీస్తున్నారో రాసుకో. ఆ బాబుకు మాత్రం ముందు బెరా (శబ్దానికి చెవి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో చూసే పరీక్ష) చేయించాలి. చెవి సంగతి తేలకుండా నెలల తరబడి మాటలు నేర్పితే పసివాడి వయసు వృథా అవుతుంది.

జవాబు 2 (పటమట)
మా పాపకు నత్తి. మొదట వెళ్లినచోట నంబర్ అడిగితే గోడకున్న ఫ్రేమ్ చూపించారు. అది వేరేవాళ్లది. ఎనిమిది నెలల ఫీజు కన్నా ఆ ఎనిమిది నెలలే నాకు బాధ. నీలా ముందే అడిగిన అమ్మాయి దొరికుంటే బాగుండేది తల్లీ.

జవాబు 3
మా మేనకోడలు అమెరికాలో ఇదే చదివింది. మాస్టర్స్ అయ్యాక కూడా ఆషా (అక్కడి స్పీచ్ థెరపిస్టుల సంఘం) సర్టిఫికెట్ కోసం ప్రాక్సిస్ అనే పరీక్ష రాసి, మెంటర్ కింద 1,260 గంటలు, కనీసం 36 వారాలు చేసింది. కొత్తవాళ్ల పక్కన పెద్దవాళ్లు నిజంగా ఉండాలి, సంతకానికి కాదు.

అడిగినవారు
అందరికీ థాంక్స్. నంబర్ వచ్చేదాకా మేడమ్ ఉన్న రోజుల్లోనే వస్తాను, చూడటానికే వస్తానని చెప్పేశాను. బాబు వాళ్ల నాన్నకు ఫోన్ చేయించి, జీజీహెచ్ (ఇక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రి) ఈఎన్‌టీ ఓపీకి తీసుకెళ్లమని చెప్పించాను. సోమవారం వెళ్తామన్నారు.