పాత చేతికి కొత్త లాంగ్వేజ్: ఎక్కడ తడబడుతుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతకోడ్_కాపరి:
సీ, కోబాల్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లలో ఇరవై ఏళ్లు దాటినవాళ్లు రస్ట్, పైథాన్ అనగానే వెనకాడతారు. వయసు మీద నెట్టేయకండి. సింటాక్స్ (కోడ్ రాసే వ్యాకరణం) వాళ్లకు పెద్ద పనేం కాదు. పాత లాంగ్వేజ్‌లో గోతులు ఎక్కడున్నాయో కళ్లు మూసుకుని చెప్తారు, కొత్తదాంట్లో ఆ ఎరుక ఉండదు. జంకు అక్కడే. అందుకే ఏ అలవాటు ఏ లాంగ్వేజ్‌లో దెబ్బ కొడుతుందో ఇక్కడ పోగు చేద్దాం. ఉపదేశాలు వద్దు.

శేషం_ఎంత:
సీ నుంచి పైథాన్‌కి వస్తే భాగహారం దగ్గర జాగ్రత్త. సీలో -7ను 2తో భాగిస్తే -3, అంటే సున్నా వైపు కోత. పైథాన్‌లో రెండు స్లాష్‌లు పెడితే -4, అది కిందికి దింపుతుంది. శేషమూ అంతే: -7ను 3తో భాగిస్తే సీలో -1, పైథాన్‌లో 2. సర్క్యులర్ బఫర్ (చివరికి చేరాక మళ్లీ మొదటికి తిరిగే నిల్వ) ఇండెక్స్, తేదీల తేడాలు చూసే కోడ్‌ను లైనుకు లైను మార్చేస్తే ఎర్రర్ ఏమీ రాదు, జవాబు మాత్రం తప్పుతుంది. టెస్టుల్లో నెగటివ్ విలువలు లేకపోతే ఇది దొరకదు.

ఇంకోటి, పైథాన్ ఫంక్షన్‌కు విలువ ఇవ్వనప్పుడు వాడే డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌గా ఖాళీ లిస్ట్ ఇవ్వకండి. అది ఫంక్షన్ డిఫైన్ అయినప్పుడు ఒక్కసారే తయారై అన్ని కాల్స్‌కీ అదే వెళ్తుంది. నన్ (None, అంటే ఏ విలువా లేదు) పెట్టి ఫంక్షన్ లోపల కొత్తది చేసుకోండి.

బైట్ల_లెక్క:
రస్ట్ 1.0 వచ్చింది 2015లో. 2022 డిసెంబర్‌లో లైనక్స్ 6.1 కెర్నెల్‌లోకి దాని తొలి మద్దతు చేరింది. "ఇంకా కుదురుకోలేదు" అనే వాదనకు ఇప్పుడు బలం లేదు. బారో చెకర్ (మెమరీని ఎవరు ఎప్పుడు వాడుతున్నారో చూసే కంపైలర్ భాగం) మీద ఫిర్యాదు మాత్రం నిజమే, దానికి సగం కారణం మొదటి అభ్యాసం. సీ మనుషులు చాలామంది డబ్లీ లింక్డ్ లిస్ట్‌తో మొదలుపెడతారు. అందులో ఒక్కో నోడ్‌ను (గొలుసులో ఒక్కో అంశాన్ని) ముందుదీ వెనకదీ రెండూ పట్టుకోవాలి. రస్ట్‌లో ఓనర్ ఒక్కరే, మార్చగల రెఫరెన్స్ ఉంటే ఆ సమయంలో అది ఒక్కటే ఉండాలి. ఇక కంపైలర్‌తో కుస్తీయే.

నోడ్లన్నీ ఒక వెక్టర్‌లో పెట్టి, పాయింటర్ బదులు ఇండెక్స్ దాచండి. ఖాళీ అయిన స్లాట్‌ను మళ్లీ వాడితే పాత ఇండెక్స్ కొత్త నోడ్‌ను చూపిస్తుంది కాబట్టి ప్రతి స్లాట్‌కీ ఒక జనరేషన్ నంబర్ (స్లాట్ మళ్లీ వాడిన ప్రతిసారీ పెరిగే సంఖ్య) ఉండాలి. అసలు మొదటి ప్రోగ్రామ్‌గా లాగ్ ఫైల్ పార్సర్ (ప్రోగ్రామ్ నమోదుల ఫైలును చదివి విడగొట్టేది) రాయడం మేలు.

సీ ప్రోగ్రామ్‌లో ఒక్క ఫంక్షన్‌నే రస్ట్‌కి మార్చేటప్పుడు, రెండు వైపులా వాడే స్ట్రక్ట్‌కు (కొన్ని ఫీల్డుల కట్టకు) సీ లేఅవుట్ కావాలని రాయాలి. లేకపోతే ఫీల్డుల వరుసను కంపైలర్ మార్చేయవచ్చు. రస్ట్ కేటాయించిన మెమరీని సీ వైపు ఫ్రీ చేయకూడదు, వెనక్కి రస్ట్‌కే అప్పగించాలి. ఓవర్‌ఫ్లో (సంఖ్య తన పరిమితి దాటడం) విషయం: మామూలు సెట్టింగుల్లో డీబగ్ బిల్డ్‌లో ప్యానిక్ అవుతుంది, అంటే అక్కడే ఆగిపోతుంది; రిలీజ్‌లో చుట్టు తిరిగి వస్తుంది. చుట్టు తిరగడమే కావాలనుకున్న చెక్‌సమ్ (డేటా చెడిందేమో చూసే మొత్తం) కోడ్‌లో ర్యాపింగ్ యాడ్ అని స్పష్టంగా రాయండి.

మెయిన్‌ఫ్రేమ్_మనిషి:
కోబాల్ నుంచి జావాకి వెళ్లేవాళ్ల సంగతి. కోబాల్‌లో డబ్బు ఫీల్డుకు రాసే పిక్ ఎస్9(7)వి99 కాంప్-3 అంటే తొమ్మిది అంకెలు (చివరి రెండూ దశాంశాలు), ఒక గుర్తు, మొత్తం 5 బైట్లు. దీన్ని డబుల్‌లో (జావాలో బైనరీ దశాంశ రకం) పెడితే పైసలు పోతాయి. బిగ్‌డెసిమల్ (దశాంశాలను కచ్చితంగా ఉంచే జావా రకం) వాడాలి, అదీ స్ట్రింగ్ నుంచి తయారుచేయాలి. రౌండెడ్ అని రాయని చోట కోబాల్ మిగులు దశాంశాలను కోసేస్తుంది. జావా మనిషి అలవాటుగా హాఫ్ అప్ (సగమూ ఆపైన ఉంటే పైకి) పెడతాడు, అప్పుడు మొత్తాలు కుదరవు. అలాంటిచోట డౌన్ (కోసేసే) మోడ్ పెట్టాలి. పోల్చేటప్పుడు ఈక్వల్స్ వద్దు, దానికి 2.0, 2.00 వేర్వేరు. కంపేర్‌టు వాడండి.

అందరూ మర్చిపోయేది సార్టింగ్. ఎబ్సిడిక్‌లో (మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ల అక్షర సంకేతాలు) అక్షరాల తర్వాత అంకెలు వస్తాయి, ఆస్కీలో (మామూలు కంప్యూటర్ల సంకేతాలు) ముందే వస్తాయి. రెండు ఫైళ్లను కీ వరుసలో మెర్జ్ చేసే జాబ్‌లో ఒకటి పాత వరుసలో, ఇంకోటి కొత్త వరుసలో ఉంటే రికార్డులు జతకుదరక జారిపోతాయి.

శేషం_ఎంత:
బైట్ల_లెక్క గారూ, అయితే ఉన్న సీ కోడంతా రస్ట్‌లోకి తిరగరాయాలంటారా?

బైట్ల_లెక్క:
వద్దండీ. ఆండ్రాయిడ్‌లో కొత్త కోడ్‌ను రస్ట్ లాంటి మెమరీ భద్రత ఉన్న లాంగ్వేజ్‌లలో రాయడం మీదే దృష్టి పెట్టారు. అక్కడి భద్రతా లోపాల్లో మెమరీ తప్పుల వాటా 2019లో 76 శాతం, 2024కి 24 శాతం. పాత కోడ్‌ను పెద్దగా తిరగరాయకుండానే ఇంత తగ్గింది. ఏళ్లుగా నిక్షేపంగా నడుస్తున్న మాడ్యూల్ జోలికి పోవద్దని సీనియర్ అంటే ఆ మాట వినండి. బయటి నుంచి వచ్చే డేటాను చదివే భాగం అయితే మాత్రం వాళ్లతో వాదించాల్సిందే.

మెయిన్‌ఫ్రేమ్_మనిషి:
మార్చక తప్పని మాడ్యూల్‌కైతే పాతదీ కొత్తదీ ఒకే ఇన్‌పుట్‌తో పక్కపక్కనే నడిపి అవుట్‌పుట్‌లను బైటుకు బైటు పోల్చండి. నెలాఖరు, ఏడాది ముగింపు రన్‌లు రెండూ అందులో పడాలి. ఫిబ్రవరి 29, సున్నా మొత్తాలు, నెగటివ్ బ్యాలెన్స్‌ల రికార్డులు విడిగా తయారుచేసి పెట్టుకోండి. ఆ రికార్డుల జాబితా రాసే పని కొత్త లాంగ్వేజ్ వద్దంటున్న సీనియర్‌కే అప్పగించండి. ఏ తేడా ఎందుకొచ్చిందో అందరికన్నా ముందు పట్టేది ఆయనే.