ఏఐ రాసిచ్చింది కరెక్టేనా అని ఎట్ల చూసుకోవాలె?

దేవరకొండ సైన్స్ సార్:
అందరికి నమస్తే. హైస్కూల్ల సైన్స్ చెప్త. మా తొమ్మిదో తరగతి పిల్లలు సైన్స్ ఫేర్‌కు నల్లగొండ టెక్నిక్ తీసుకున్నరు, అదే ఫ్లోరైడ్ నీళ్లను బాగుచేసే పద్ధతి. రైటప్ ఏఐతోని రాయించుకొచ్చిన్రు. చదివితే సాఫీగ పోతున్నది, ఒక్క అక్షరం తప్పు లేదు, కానీ బకెట్ల యాక్టివేటెడ్ అల్యూమినా కలపాలె అని ఉన్నది, నాకు తెలిసి పటిక కదా? అదే మాట దాన్ని అడిగితే సారీ మీరన్నదే కరెక్ట్ అన్నది, పటిక కాదేమో అని మల్ల అడిగితే దానికి గూడ సారీనే. చివర్ల ఒక రీసెర్చ్ పేపర్ పేరు ఇచ్చింది, ఎంత వెతికినా దొరకలే. పిల్లలు సొంతంగ రాస్తే ఎక్కడ తడబడ్డరో రాతలనే తెలుస్తది, దీంట్ల ఆ గుర్తే లేదు. మిగిలిన మూడు పేజీలల్ల నాకు తెల్వని తప్పులు ఎన్నున్నయో అని భయమైతున్నది.

నీళ్ల ల్యాబ్:
సార్, నేను నీళ్ల టెస్టింగ్ చేస్త, మీ అనుమానం కరెక్ట్. నాగపూర్‌ల ఉన్న నీరి (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు తెచ్చిన ఈ పద్ధతిల సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలుపుతరు. పది నిమిషాలు మెల్లగ కలిపి గంట వదిలేస్తే ఫ్లోరైడ్ మడ్డితోని అడుక్కు దిగుతది, అందుకే బకెట్‌కు నల్లా అడుగు నుంచి 3-5 సెంటీమీటర్లు పైకి పెడ్తరు. యాక్టివేటెడ్ అల్యూమినా వేరే, దాన్ని ఫిల్టర్ల నింపి అందులకెళ్లి నీళ్లు పంపుతరు. పటిక ఎంత వెయ్యాలె అని అన్ని నీళ్లకు ఒకటే లెక్క ఇచ్చిందా? ఇస్తే అది గూడ కొట్టెయ్యండి, ఫ్లోరైడ్ ఎంత, ఆల్కలినిటీ (నీళ్ల క్షారగుణం) ఎంత అన్నదాన్ని బట్టి డోసు మారుతది.

దేవరకొండ సైన్స్ సార్:
ఒకటే లెక్క ఉన్నది సార్. అది నేను పట్టుకోనే లేదు.

కోర్టు పని:
ఏఐ రాసింది మల్ల ఏఐతోనే చెక్ చేయించకుండ్రి. 2023ల న్యూయార్క్ కోర్టుల లాయర్లు ఏఐ ఇచ్చిన కేసులు దాఖలు చేసిన్రు, అసలు అట్లాంటి కేసులే లేవు. ఈ కేసు నిజమేనా అని దాన్నే అడిగితే నిజమే అని చెప్పింది. 5,000 డాలర్ల ఫైన్ పడ్డది. మా ఆఫీసుల ఏ సైటేషన్ (పాత తీర్పు రెఫరెన్స్) వచ్చినా తీర్పు కాపీ తెరిచి చదివినంకనే పెడ్తం.

మునుగోడు:
ఇంత చూసుకునుడు కంటే మనమే రాసుకుంటే అయిపోదా?

నీళ్ల ల్యాబ్:
చానసార్లు అదే నయం అన్నా. సార్, మీరైతే ఆ పేజీలు పక్కకు పెట్టి పిల్లలతోని బకెట్ పెట్టించండి. ఫ్లోరైడ్ టెస్ట్ కిట్‌తోని కలపకముందు ఒకసారి, తేర్చినంక ఒకసారి చూడుండ్రి. తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్‌కు బీఐఎస్ (మన దేశ ప్రమాణాల సంస్థ) లిమిట్ లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకనికాడ 1.5 దాక.

దేవరకొండ సైన్స్ సార్:
కిట్ అడిగి తెస్త. మర్రిగూడ పిల్లగాడు వాళ్ల బోరు నీళ్లు సోమవారం క్యాన్ల పట్టుకొస్తనన్నడు.