మొదటి టాప్ అల్లుతున్నాను: వదులుగా, పొట్టి చేతులతో. నూలు, కుట్ల లెక్క చెప్పగలరా?

కొత్తసూది, సీతమ్మధార

నమస్కారమండీ. మఫ్లర్లు, ఒక బేబీ దుప్పటి అల్లాను. నిట్, పర్ల్ అనే రెండు మూల కుట్లూ చేతికి అలవాటయ్యాయి, కుట్లు తగ్గించడం దగ్గర మాత్రం ఇంకా తడబాటే. ఇప్పుడు నాకే ఒక టాప్ అల్లుకుందామని ఉంది. ఒంటికి అతుక్కోకుండా, పొట్టి చేతులతో, జీన్స్ మీదకి పనికొచ్చేలా. ఛాతీ కొలత 36 అంగుళాలు.

మన వైజాగ్ చెమటకి ఏ నూలు తట్టుకుంటుంది? ఎన్ని ఉండలు కొనాలి? ఇంట్లో 8వ నంబరు సూదులున్నాయి. ఆన్‌లైన్‌లో దొరికిన పాటర్న్ కూడా 8 అనే చెప్పింది, కానీ అలాగే అల్లితే అట్టముక్కలా బిగుసుకుపోతోంది. చంక దగ్గర గుండ్రంగా తగ్గించడం, చెయ్యి విడిగా అల్లి అతకడం లాంటివి లేని పద్ధతైతే బాగుంటుంది.

నూలుపోగు, ఎంవీపీ కాలనీ

ముందు సూది సంగతి తేల్చేద్దాం. మన దుకాణాల్లో సూదుల మీద ఉండే నంబర్లు పాత బ్రిటిష్ లెక్క. అందులో 8 అంటే 4 మి.మీ., 10 అంటే 3.25 మి.మీ. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా లెక్కలో 8 అంటే 5 మి.మీ., అక్కడ నంబరుతోపాటు సూదీ లావవుతుంది. మీరు చూసిన పాటర్న్ అమెరికాదై ఉంటుంది. ఇకమీద నంబరు పట్టించుకోకుండా మి.మీ. చూడండి. మీ దగ్గరున్న సూదులే ఈ టాప్‌కి సరిపోతాయి, వాటికి తగ్గ నూలు తెచ్చుకుంటే చాలు.

నూలు కొనేటప్పుడు ప్లై సంఖ్య చూసి మోసపోకండి. ఎన్ని పోగులు కలిపి పేనారో చెప్పే అంకె అది, దాన్నిబట్టి లావు తెలియదు. లేబుల్ మీద 4 మి.మీ. సూది గుర్తు ఉండాలి, 50 గ్రాముల ఉండలో 105 నుంచి 125 మీటర్ల పొడవుండాలి. లేసు అల్లే సన్న దారం దీనికి పనికిరాదు.

పూర్ణా మార్కెట్ వైపు లేసులు, బటన్లు, ఫాల్స్ అమ్మే దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది యాక్రిలిక్ ఊలు. అరకు చలికి స్వెట్టరైతే ఫరవాలేదు గానీ ఇక్కడ ఒంటిమీద వేసుకునే టాప్‌కి వద్దు. యాక్రిలిక్ చెమట పీల్చదు, వీపు మీద తడి అలాగే నిలుస్తుంది. అచ్చ కాటన్ పీలుస్తుంది, కాకపోతే బరువు. పైగా ఊలుకున్న సాగి ముడుచుకునే గుణం దానికి లేదు, ఒకసారి సాగితే అక్కడే ఉండిపోతుంది. కాటన్, యాక్రిలిక్ సగం సగం కలిసిన నూలు దొరికితే మొదటి టాప్‌కి అదే తీసుకోమంటాను. తేలిక, కాస్త త్వరగా ఆరుతుంది.

ఎన్ని ఉండలన్నది శాంపిల్ ముక్కే చెబుతుంది. ముందు ఒక్క ఉండ కొనండి. 32 కుట్లు ఎక్కించి, ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ చొప్పున 46 వరసలు అల్లి మూసేయండి, అంటే కుట్లు ఊడిపోకుండా చివరి వరసని ముగించేయండి. ఉతికి, పరిచి ఆరబెట్టాక కొలవండి. అంచుల దగ్గర కాదు, మధ్యలో టేపు పెట్టి 10 సెం.మీ.కి ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు ఉన్నాయో లెక్కపెట్టండి. 20 కుట్లు, 28 వరసలు రావాలి. ఆ తర్వాత ముక్కని తూకం వేయండి, వంటింటి డిజిటల్ కాటా చాలు. ముక్క సుమారు 16 సెం.మీ. చదరం, అంటే 256 చదరపు సెం.మీ. టాప్ మొత్తం చేతులతో కలిపి దాదాపు 6,500 చదరపు సెం.మీ. ఉంటుంది, ఆ ముక్కకి 25 రెట్లు. ముక్క 17 గ్రాములు తూగితే 425 గ్రాములు. మెడ పట్టీకి, అతుకులకి, తోకలకి (వదిలే దారం కొసలకి) పదో వంతు కలపండి. 50 గ్రాముల ఉండలు 10 తీసుకుంటే నిశ్చింత. అన్నిటి లేబుల్ మీదా రంగు లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పేది) ఒకటే ఉండాలి. రెండు లాట్‌లు కలిస్తే దుకాణం లైటు కింద తేడా తెలియదు, ఎండలోకి వెళ్ళాక ఛాతీ మీద గీత గీసినట్టు బయటపడుతుంది.

శాంపిల్ దండగని వదిలేసేవాళ్ళకి చిన్న లెక్క. 10 సెం.మీ.కి 20 బదులు 22 కుట్లు పడితే ఒక్కో ముక్క 5 సెం.మీ. తగ్గుతుంది. రెండు ముక్కలకి 10 సెం.మీ., అంటే 4 అంగుళాలు. మీరు అనుకున్న వదులులో సగం ఎగిరిపోయినట్టే. 22 వస్తే 4.5 మి.మీ. సూదికి, 18 వస్తే 3.75కి మారండి. కావాలని చెయ్యి వదులు చేసో బిగించో సరిపెట్టాలని చూస్తే పది వరసల్లో మళ్ళీ మీ అలవాటుకే వచ్చేస్తారు.

రెండుసూదులు, గాజువాక

నూలు గురించి పైన చెప్పేశారు, నేను అల్లిక చెబుతాను. మీరు అడిగినట్టు చంక దగ్గర తగ్గించే పని లేదు. ముందు ఒక చదును ముక్క, వెనక ఒక చదును ముక్క. వెడల్పు భుజం దాటి కిందికి దిగుతుంది, చెయ్యిలో చాలా భాగం దానితోనే వచ్చేస్తుంది.

ఛాతీ 91 సెం.మీ., వదులు 20 కలిపితే 111. ఒక్కో ముక్క 56 సెం.మీ. అనుకోండి. 112 కుట్లు, అతుకులోకి పోయేవి పక్కకొకటి చొప్పున 2, మొత్తం 114.

వెనక ముక్కతో మొదలుపెట్టండి. తోక వదిలి ఎక్కించే పద్ధతైతే కొలతకి మూడింతల తోక కావాలి. దాదాపు 2 మీటర్లు వదలండి, 110వ కుట్టు దగ్గర దారం అయిపోతే మొత్తం విప్పుకోవాలి. మొదటి 10 వరసలు అన్నీ నిట్. ఇది కింది అంచు, ఇది లేకపోతే బట్ట పైకి చుట్టుకుంటుంది. ఆ తర్వాత ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ అల్లుకుంటూ పోండి. 34 సెం.మీ. వచ్చాక రెండు అంచుల్లోనూ వేరే రంగు దారం ముక్క కట్టండి, చంక అక్కడే. ఇంకో 56 వరసలు, అంటే 20 సెం.మీ. అల్లితే మొత్తం 54 అవుతుంది. అన్నీ మూసేయండి. వెనక మెడకి వంపు అక్కర్లేదు.

ముందు ముక్క 47 సెం.మీ. దాకా అచ్చం ఇలాగే. మెడ అక్కడ మొదలవుతుంది. మొదలుపెట్టే ముందు వరస కుట్లన్నిటిలోంచి ఒక సన్న దారం దూర్చి వదిలేయండి. మెడ పాడైతే అక్కడిదాకా విప్పి మళ్ళీ సూదికి ఎక్కించుకోవచ్చు. ఇప్పుడు 45 కుట్లు నిట్, మధ్య 24 మూయండి, మిగతా 45 నిట్. ఒక వైపు అల్లుతున్నంతసేపూ రెండో వైపు 45 కుట్లు వేరే సూది మీదో దారం మీదో ఆగుతాయి. మెడ అంచు దగ్గర మొదలయ్యే వరసల్లో వరసగా 4, 3, 2 కుట్లు మూయండి. ఆపైన వరస విడిచి వరస ఒక్కోటి చొప్పున మూడుసార్లు తగ్గించండి, మెడ అంచున రెండు కుట్లు కలిపి అల్లడమే తగ్గించడం. 12 పోయి 33 మిగులుతాయి. వెనక ముక్కతో ఎత్తు సమానమయ్యేదాకా అల్లి మూయండి. రెండో వైపూ అంతే, అద్దంలో చూసినట్టు.

సరిచూసుకోండి: భుజం 33, మెడ 48, భుజం 33, మొత్తం 114. మెడ 24 సెం.మీ. వెడల్పు. ఇంకా వెడల్పు చేయాలని సరదా పడకండి, కాటన్ బరువుకి టాప్ ఒక భుజం మీంచి జారిపోతుంది.

అతకడంలో వరస ముఖ్యం. మొదట ఒక్క భుజమే కుట్టండి. మెడ చుట్టూ అంచులోంచి దారం లాగి దాదాపు 112 కొత్త కుట్లు సూదికి ఎత్తుకుని 5 వరసలు నిట్ అల్లి వదులుగా మూయండి. అప్పుడు రెండో భుజం, పట్టీ చివరలు కుట్టండి. గుండ్రంగా అల్లే సూదులు లేకుండానే మెడ పూర్తవుతుంది. చేతులకి గుర్తు నుంచి గుర్తు దాకా ఒక్కోవైపు 80 కుట్లు ఎత్తండి. అక్కడ 112 వరసలున్నాయి కదా, ఏడు వరసలకి ఐదు కుట్లు. వరసకొకటి ఎత్తితే చేతి అంచు గంటలా విచ్చుకుంటుంది. 14 వరసలు నిట్ అల్లి, ఒక సైజు లావు సూదితో మూయండి. పక్క అతుకులు చిట్టచివర, చేతి అంచు నుంచి కిందిదాకా ఒకే ఊపులో.

కొత్తసూది, సీతమ్మధార

చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. శాంపిల్ అల్లాను, 20 కుట్లే వచ్చాయి. కానీ పర్ల్ వైపు చూస్తే రెండేసి వరసలకి ఒక సందు, చారల్లా కనిపిస్తోంది. ఇంకోటి, 32 ఎక్కిస్తే పైకి వచ్చేసరికి 35 ఉన్నాయి! నేను ఎక్కడా పెంచలేదు. అమ్మకి కూడా ఒకటి అల్లాలని ఉంది, ఆవిడకి 40 అంగుళాలు. కుట్లు ఎలా మార్చాలి?

ముడికుట్టు, పెందుర్తి

చారలకి కారణం మీ పర్ల్ వరస నిట్ కంటే వదులుగా రావడం. ఊలైతే ఉతికాక సర్దుకుంటుంది, కాటన్ సర్దుకోదు, చేసిన తప్పు చేసినట్టే చూపిస్తుంది. పర్ల్ వరసకి ఒక సైజు సన్న సూది వాడండి. కుడి చేతిలో 3.75, ఎడమ చేతిలో 4 ఉంటుంది, వరస తిరగగానే మారిపోతాయి. కుట్టు సైజు నిర్ణయించేది కుడి సూదే కాబట్టి ఇది పనిచేస్తుంది. అయితే ఇలా మార్చాక శాంపిల్ మళ్ళీ కొలవాలి.

కుట్లు పెరగడం వరస మొదట్లో జరుగుతోంది. దారాన్ని సూది పైనుంచి వెనక్కి లాగితే మొదటి కుట్టు కాళ్ళు రెండూ పైకి లేచి రెండు కుట్లలా కనిపిస్తాయి, మీరు రెంటినీ అల్లేస్తారు. వరస మొదలుపెట్టే ముందు దారం సూది కిందుగా ఉందో లేదో చూసుకోండి. మధ్యలో బొక్క పడి కుట్టు పెరిగితే అది వేరే కారణం: అల్లిక ఆపి మళ్ళీ అందుకున్నప్పుడు దారం ముందువైపు ఉండిపోయి సూది మీద ఒక చుట్టు పడి ఉంటుంది. టాప్‌లో పది వరసలకోసారి 114 ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. సూది మీద ఇరవై కుట్లకొక గుర్తు రింగు పెట్టుకుంటే ఎక్కడ పెరిగిందో వెంటనే దొరుకుతుంది.

అమ్మగారికి 102కి 20 కలిపి 122, ఒక్కో ముక్క 61 సెం.మీ., కుట్లు 124. మెడ 48 అలాగే ఉంచండి, మనిషి లావైతే మెడ అంత పెరగదు. పెరిగే పదీ భుజాలకి: 38, 48, 38. ముందు మెడ మొదలుపెట్టేటప్పుడు 50 నిట్, 24 మూయడం, 50 నిట్. వెడల్పు పెరిగినకొద్దీ చెయ్యి కూడా పక్కకి 2.5 సెం.మీ. దిగుతుంది కాబట్టి చేతి పట్టీ 14 బదులు 6 వరసలు చాలు. చంక లోతు 20 సరిపోతుందా అన్నది ఆవిడ పైచేయి చుట్టుకొలత చూసి నిర్ణయించండి. 34 సెం.మీ. దాటితే 22 చేయండి, అంటే ఇంకో 6 వరసలు. అప్పుడు చేతికి ఎత్తే కుట్లు 88.

పైన రెండుసూదులు గారు చెప్పిన పొడవు మీద నాది వేరే మాట. అచ్చ కాటన్‌తో అల్లితే 54 వద్దు, కింద 2 సెం.మీ. తగ్గించి 52కే ఆపండి. దాదాపు 450 గ్రాముల బరువు భుజాల మీంచి వేలాడుతుంది, వేసుకున్న కొద్దీ టాప్ పొడుగు సాగుతుంది, ఆ మేరకు వెడల్పు తగ్గుతుంది. శాంపిల్ ఆరాక కింది అంచుకి నాలుగు బట్టల క్లిప్పులు తగిలించి ఒక రాత్రి వేలాడదీయండి. ఎంత సాగిందో దాన్నిబట్టి మీరే తగ్గించుకోవచ్చు. భుజాల అతుకు లోపలివైపు సన్నటి కాటన్ నాడా కుట్టేస్తే సాగడం చాలావరకు ఆగుతుంది. ఈ ఒక్క పనీ ఎగ్గొట్టకండి.

మీ సూదులు పొడుగు సూదులైతే ఒక్కోటి 35 సెం.మీ. ఉంటుంది. 56 సెం.మీ. బట్ట దాని మీద కుక్కితే పడుతుంది గానీ బరువంతా మణికట్టుకే. 80 సెం.మీ. తీగ ఉన్న సూది కొని, గుండ్రంగా కలపకుండా అటూ ఇటూ తిప్పి అల్లండి, బరువు ఒళ్ళో ఉంటుంది.  చెమట చేతులకి వెదురు సూదులు పట్టుకోవడానికి హాయిగా ఉంటాయి.

రెండుసూదులు, గాజువాక

అచ్చ కాటన్‌కి 52 సరైనదే. నేను మిశ్రమ నూలు అనుకుని 54 చెప్పాను, దానికి అంతే ఉంచండి.

కొత్త ఉండ కలపడం గురించి ఎవరూ చెప్పలేదు. వరస మధ్యలో ముడి వేయకండి. కాటన్ నున్నగా ఉంటుంది, ముడి నాలుగు ఉతుకులకి ఊడుతుంది, లేదా ముందువైపుకి పొడుచుకొస్తుంది. వరస చివర 15 సెం.మీ. తోక వదిలి కొత్తది అందుకోండి, ఆ తోకలన్నీ పక్క అతుకులో దాక్కుంటాయి. మిగిలిన దారం వెడల్పుకి మూడింతలుంటే ఒక వరస సరిపోతుంది, నాలుగింతలుంటే నిక్షేపంగా.

నూలుపోగు, ఎంవీపీ కాలనీ

ఆరబెట్టడం గురించి ఒక మాట. అతకక ముందే ముక్కల్ని చల్లటి నీళ్ళలో నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో చుట్టి అదిమి, చాప మీద పరిచి కొలతకి సర్ది పిన్నులు గుచ్చండి. మామూలు గుండుసూదులు వద్దు. మన సముద్రపు గాలికి తడి బట్టలో ఒక్క రాత్రికే తుప్పు దిగి మరకవుతుంది, ఆ మరక పోదు. స్టెయిన్‌లెస్ పిన్నులే వాడండి. వానాకాలంలో ఒక రోజులో ఆరదు, ఫ్యాను కింద పెట్టి పూటకోసారి తిరగేయండి, లేకపోతే ముక్కవాసన పట్టుకుంటుంది. టాప్ తయారయ్యాక కూడా దండెం మీద వేలాడదీయొద్దు, హ్యాంగర్‌కి అసలే వద్దు. మడతపెట్టి బీరువాలో పెట్టుకోండి.