పాత గ్రీటింగ్ కార్డులతో గిఫ్టులు ఎవరన్నా చేశారా? ట్రంకు పెట్టెడు ఉండాయి

నెల్లూరమ్మి:
అందరికీ నమస్తే. మాది నెల్లూరు మూలాపేట. పండక్కి బూజులు దులుపుతుంటే అటక మీద మా నాయన ట్రంకు పెట్టె కనపడింది, తెరిస్తే బట్టలు కాదు, అన్నీ గ్రీటింగ్ కార్డులే, జనవరి ఫస్టువి, సంక్రాంతివి, ఆయనకి వచ్చినవి ఒక్కటి కూడా పారేసినట్టు లేదు, మూడొందలు పైనే ఉంటాయి. నాయన ఇప్పుడు లేరు. పారెయ్యబుద్ధి కాలా, అట్టని దాచుకునేదానికి చోటూ లేదు, మాది అద్దిల్లు. చిన్న చిన్న డబ్బాలు చేసి చుట్టాలకి ఏదన్నా పెట్టిద్దామని ఒకటి చేశా. మూత పట్టలా, పైగా మడత పెట్టిన కాడ రంగు పగిలి తెల్లగా బయటపడింది. చేసిన వాళ్లుంటే చెప్పండబ్బా.

కావలి అక్క:
రెండు ముక్కలూ ఒకే కొలతకి కోసుంటావు, అందుకే పట్టలా. బొమ్మ ఉండే ముందట్ట మూతకి, వెనకట్ట అడుక్కి. అడుగు ముక్కని పొడవులో, వెడల్పులో 3 మిల్లీమీటర్లు తగ్గించి కొయ్యి, అప్పుడు సుతారంగా కూర్చుంటది. నాలుగు పక్కలా అంచు నుంచి ఇంచి లోపలికి గీత కొట్టు, పెన్సిల్‌తో కాదు, సిరా అయిపోయిన రీఫిల్‌తో స్కేలు ఆనించి గట్టిగా, అట్టకి గాడి పడాలి. గాడి లేకుండా మడిస్తే పగలక ఏం చేస్తది. ఇంకోటి, అట్టని మడిచే ముందు రెండు వైపులా మెల్లగా వంచి చూడు, ఒక వైపు తేలిగ్గా వంగుతుంది, ఇంకో వైపు మొరాయిస్తుంది. మొరాయించే వైపే పగులుతుంది, అక్కడ గాడి రెండు మూడు సార్లు కొట్టు. అప్పటికీ తెల్లగా కనపడితే అదే రంగు స్కెచ్ పెన్ను అంచున రుద్దేయ్, ఎవరికీ తెలీదులే.

ఒంగోలు బుల్లోడు:
అక్క చెప్పింది కరెక్టే కానీ గమ్ము సంగతి నన్నడగండి. నవంబర్లో ముసురు పట్టినప్పుడు ఫెవికాల్‌లో నీళ్లు కలిపి పూశా, పల్చగా ఉంటే నీట్‌గా అంటుద్దని, రెండ్రోజులకి కూడా ఆరలేదు, కార్డులన్నీ అప్పడాల్లా వంకరపోయినయ్. నీళ్లు కలపొద్దు. చుక్క పెట్టి వేలితో రాసి బట్టల క్లిప్పు పెట్టి వదిలెయ్యండి. నున్నటి ప్లాస్టిక్ పూత ఉండే కార్డులకి మాత్రం ఫెవికాల్ అస్సలు పట్టదు, రెండు వైపులా అంటుకునే టేపు వాడాల్సిందే.

టీచరమ్మ:
మాది కందుకూరు. బళ్లో పిలకాయల చేత కార్డుల బంతి చేయిస్తుంటా, గుమ్మానికి వేలాడదీస్తే భలే ఉంటది. గాజు పెట్టి 20 గుండ్రాలు గీసి కత్తిరించాలి. మామూలు కాయితం గుండ్రం ఇంకోటి తీసుకుని, అంచు సరిగ్గా మధ్య చుక్కని తాకేలా మూడు వైపులా మడిస్తే సమంగా త్రిభుజం వస్తది, దాన్నే అచ్చుగా పెట్టుకుని 20 కార్డులకీ గీతలు కొట్టి రెక్కలు బయటికి మడవడమే. పైన టోపీకి 5, కింద టోపీకి 5, మధ్యలో బెల్టులా ఒకటి నిలువు ఒకటి తలకిందులుగా 10. రెక్కా రెక్కా అంటించుకుంటూ పోతే బంతి అదే తిరుగుతది. లెక్కల క్లాసులో బొమ్మ గీసి చెప్పిన దానికంటే ఇదే బుర్రకెక్కింది మా వాళ్లకి.

గూడూరు కోడలు:
దేవుడి బొమ్మలున్న కార్డులకి కత్తెర పెట్టొద్దమ్మా, మా అత్తగారైతే వినాయకుడి బొమ్మున్న శుభలేఖ కూడా కొయ్యనివ్వదు, పోగేసి పోగేసి పెన్నలో వదిలిపెట్టమంటది.

ఒంగోలు బుల్లోడు:
నదిలో మెరుపు పొడి, ప్లాస్టిక్ పూతా కలిపేకంటే దేవుడి బొమ్మ చుట్టూ కోసి చదివింపుల కవరు మీద అంటిస్తే మర్యాదే కదండీ. మేం అట్టే చేస్తాం, పక్కన రూపాయి బిళ్ల కూడా.

గూడూరు కోడలు:
మా అత్తకి మీరే చెప్పండి తమ్ముడూ, నావల్ల కాదు 😄

కావలి అక్క:
అమ్మాయ్, తెరిస్తే పాట పాడే కార్డులు ఉన్నాయేమో చూసుకో. లోపల బొత్తాం అంత బ్యాటరీ ఉంటది, ముందు అది పీకి పారేసి అప్పుడు పిలకాయల చేతికియ్యి. మింగితే గొంతులో లోపల కాలిపోతుంది, ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే.

నెల్లూరమ్మి:
ఒకటి ఉండాది అక్కా, పాట ఎప్పుడో చచ్చిపోయింది, బ్యాటరీ తీసేశా. కానీ నాకు ఇంకో ఇబ్బంది వచ్చిపడింది. వెనకట్టల మీద చేతిరాతలు ఉన్నాయి. మా చిన్నాయన కువైట్ నుంచి రాసింది ఒకటి, "అన్నా, ఈ సంక్రాంతికీ రాలేను, వదిన చేసే అరిసెలు నా వాటా దాచమను" అని. దాన్ని ఎట్టా కోసేది చెప్పండి.

టీచరమ్మ:
కొయ్యకుండా ఎందుకు, అక్షరాలు వదిలిపెట్టి కొయ్యండి. వెనకట్టే అడుగు ముక్క కదా, రాత లోపలి వైపుకి వచ్చేలా మడిస్తే డబ్బా తెరిచినోళ్లకి అడుగున ఉత్తరం కనపడతది. గీతలు గీసే ముందు రాత నాలుగు గీతల లోపల పడుద్దో లేదో చూసుకోండి, అంతే.

నెల్లూరమ్మి:
అప్డేట్. చేశా. మొదటిది వంకరొచ్చింది, రెండోది పట్టింది. 3 మిల్లీమీటర్లు తగ్గించేసరికి మూత టప్పుమని కూర్చుంది. చిన్నాయన ఇప్పుడు ఇక్కడే ఉంటాడు, దర్గామిట్టలో. అందులో నాలుగు మలై కాజాలు పెట్టి ఇచ్చొచ్చా. ముందు కాజాలు తినేసినాడు, తిన్నాక అడుగున చూసి కళ్లజోడు పెట్టుకుని చదువుకుని, "ఎవరిదే ఇది, నా రాతలాగే ఉండాదే" అంటాడు.

కావలి అక్క:
కాజాల కింద బటర్ పేపర్ వేశావా లేదా? పాకం కారితే రాత పోద్ది.

నెల్లూరమ్మి:
వెయ్యలా అక్కా 😭 "అరిసెలు" అనే మాట మీద మరక పడింది. చిన్నాయన మాత్రం డబ్బా ఇవ్వనంటున్నాడు.