థైరాయిడ్ మాత్ర వాడుతున్నా నీరసం తగ్గడం లేదా: గుంటూరు నుంచి ఇంగ్లండు వచ్చిన సోదరికి

అమ్మా, మీరు రాసిన నీరసం, జుట్టు రాలడం, అందరికంటే ముందు చలి వేయడం థైరాయిడ్ వల్ల కావచ్చు, కాకపోనూ వచ్చు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష) హద్దుల్లోనే ఉందని రిపోర్టు చెబుతున్నప్పుడు, మీ అత్తగారు ఫోనులో చెప్పారని 62.5 మైక్రోగ్రాముల మాత్రను మీ అంతట మీరే 75కు పెంచుకోకండి. మోతాదు మించితే గుండె దడ, నిద్రలేమి వస్తాయి, ఏళ్ల తరబడి అలాగే సాగితే ఎముకలు కూడా పలచబడతాయి.

ముందు మాత్ర వేసుకునే తీరు చూసుకోండి. పరగడుపున మాత్ర మింగి వెంటనే కాఫీ తాగడం మన ఇళ్లలో మామూలే గానీ, ఆ మందు ఒంటికి సరిగా పట్టాలంటే నీళ్లతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. గ్యాస్ కోసం రోజూ వేసుకునే పాంటోప్రజోల్ కూడా ఈ మందు పట్టడాన్ని తగ్గించగలదు కనుక దాని సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి (మనవాళ్లలో చాలామంది దాన్ని అసలు మందుగానే లెక్కపెట్టరు).

జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ మాత్ర వాడుతున్నారేమో మీరు రాయలేదు. అది కొన్ని ల్యాబుల్లో టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది, అంటే మందు చాలకపోయినా రిపోర్టు బాగున్నట్టే కనిపించవచ్చు. రక్తపరీక్షకు కనీసం 2 రోజుల ముందు దాన్ని ఆపండి.

గుంటూరు కొత్తపేటలో నచ్చిన ల్యాబుకు వెళ్లి డబ్బు కట్టి రక్తం ఇచ్చినట్టు ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో కుదరదు, జీపీయే (మీ పేరు నమోదైన స్థానిక డాక్టరే) పరీక్షలు రాయాలి. కాబట్టి మీ మాత్రల డబ్బా, పాత రిపోర్టులు చూపించి, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోను)తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డి కూడా చూడమని పేర్లతో సహా అడగండి. ఇక్కడి కంపెనీ మాత్రకు మారాక 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూపించుకోండి. కంపెనీ మారినప్పుడల్లా ఇబ్బంది కలిగేవారికి ఒకే కంపెనీ మాత్ర ఇచ్చే విషయం ఆలోచించమని ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ 2021లోనే డాక్టర్లకు సూచించింది.

విటమిన్ డి రిపోర్టులో అంకె కంటే ముందు కొలమానం చూడండి. మన దగ్గర నానోగ్రాముల్లో ఇస్తారు, ఇక్కడ నానోమోల్స్‌లో ఇస్తారు. ఇక్కడి అంకెను 2.5తో భాగిస్తేనే మన లెక్క వస్తుంది. 45 అని చూసి సంతోషిస్తే అది మన 18 మాత్రమే. అలాగని ఊరి నుంచి తెచ్చుకున్న 60,000 యూనిట్ల సాషేలు ఎడాపెడా వాడకూడదు, అవి లోటు తేలినవారికి డాక్టరు చెప్పిన గడువు వరకే. శాకాహారులకు, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారికి బీ12 తగ్గడం సాధారణం, అది చూపించుకోకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే లోటు కప్పబడిపోతుంది. ఈ విటమిన్లు లోటును పూడుస్తాయి గానీ థైరాయిడ్ మాత్రకు బదులు కావు.

మరో మాట: ఇంగ్లండులో థైరాయిడ్ లోపానికి మాత్ర వాడేవారికి ప్రిస్క్రిప్షన్ మందులన్నీ ఉచితం. అందుకు కావలసిన సర్టిఫికెట్ కోసం ఎఫ్‌పీ92ఏ ఫారం జీపీ దగ్గర అడిగి తీసుకోండి.

— విజయవాడ సత్యనారాయణపురం నుంచి, ప్రస్తుతం లీడ్స్

అన్నగారు చెప్పినవాటికి ఒకటి చేరుస్తాను. నెలసరి రక్తస్రావం ఎక్కువగా ఉంటే జీపీకి దాచకుండా చెప్పమ్మా, థైరాయిడ్ తగ్గినా అలా అవుతుంది, దానివల్ల ఐరన్ పడిపోయి నీరసం ఇంకా పెరుగుతుంది. పిల్లల కోసం అనుకుంటూ ఉంటే ముందే టీఎస్‌హెచ్ చూపించుకో. గర్భం నిలిచిన తొలి వారాల నుంచే ఈ మందు అవసరం పెరుగుతుంది కాబట్టి, పరీక్షలో తేలిన రోజునే జీపీకి ఫోను చెయ్యి, మిడ్‌వైఫ్ (గర్భిణులను చూసే నర్సు) అపాయింట్‌మెంట్ దాకా ఆగకు.

— తెనాలి ఆడపడుచు, ప్రస్తుతం బర్మింగ్‌హామ్