ఈ వారం సమస్య: "చెట్టు నెక్కి చేప చెరువు త్రాగె"

నిర్వాహకుడు:

మిత్రులారా, ఈసారి ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను.

చెట్టు నెక్కి చేప చెరువు త్రాగె

మిగతా మూడు పాదాలు మీవి. షరతు ఒక్కటే. ఈ చిక్కుముడి మీరు చిన్నప్పుడు పల్లెలో చూసిన దానితోనో, చేసిన దానితోనో విడిపోవాలి. పద్యం కింద ఆ జ్ఞాపకం రెండు మాటల్లో చెప్పండి. కల వచ్చిందనో, కథలో విన్నామనో తప్పించుకోవద్దని మనవి.

కొత్తవారి కోసం: గణమంటే గురులఘువుల, అంటే పొడుగు, పొట్టి అక్షరాల, గుంపు. సూర్యగణాలు చిన్నవి, ఇంద్రగణాలు కాస్త పెద్దవి. ఆటవెలది 1, 3 పాదాల్లో 3 సూర్యగణాలు, ఆపైన 2 ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో 5 సూర్యగణాలు. ప్రతి పాదంలో నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి. ప్రాసనియమం (పాదాల రెండో అక్షరాలు కలవడం) లేదు, యతికి బదులు ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది.

గట్టుగాలి:

ఈతలోన మేటి నెల్ల మిత్రులు గూడి
చేప యనుచు పిలువ చిన్ననాడు
పందె మనగ నురికి పట్టు దప్పుటచేత
చెట్టు నెక్కి చేప చెరువు త్రాగె

మా జట్టులో ఒకడికి 'చేప' అని పేరు. చెరువు మీదికి వంగిన కొమ్మ ఒకటుండేది. ఎవరు ఎంత పైనుంచి దూకితే అంత గొప్ప. వాడు దూకనే లేదు, జారి పడ్డాడు. నీళ్ళు బాగా తాగాడు. ఇంట్లో తెలియకూడదని జుట్టు ఆరేదాకా ఎండలో కూర్చున్నాం, ఆ ఎర్రబడ్డ కళ్ళు చూసి అమ్మలు ఎలాగూ పట్టేశారు.

యతిభంగం:

గట్టుగాలి గారూ, ముడి చక్కగా విప్పారు. చేపను మనిషిని చేయగానే సగం పని అయిపోయింది. గణాలు, యతులు సరిపోయాయి. 'మేటి నెల్ల' దగ్గర ఈ-ఎ యతి సరైనదే. ఇ, ఈ, ఎ, ఏ ఒకదానికొకటి చెల్లుతాయి.

ఇబ్బంది మూడో పాదంలో. పట్టు తప్పింది ముందు చెప్పి, చెట్టెక్కింది తర్వాత చెప్పారు. నేల మీదే జారాడా అని అనుమానం వస్తుంది. సమస్య పాదమే 'ఎక్కి'తో మొదలవుతోంది కాబట్టి, ఎక్కాక జరిగింది మూడో పాదంలో పెట్టకూడదు. ఎందుకెక్కాడో చెప్పండి చాలు. పడటం పాఠకుడే ఊహించుకుంటాడు.

గట్టుగాలి:

నిజమే. మూడో పాదం మార్చాను.

దూకి చూపువాడ దూరమ్ము నేనని

యతిభంగం:

ఇప్పుడు నవ్వొచ్చింది! 'నేనని చెట్టు నెక్కి చేప చెరువు త్రాగె'. గొప్పలు చెప్పుకోవడానికి, నీళ్ళు తాగడానికి మధ్య ఒక్క మాట కూడా లేదు. పడ్డాడని చెప్పకపోవడమే ఈ పద్యానికి బలం.

నిద్రగన్నేరు:

నిర్వాహకులు వద్దన్నారు కాబట్టే చేస్తున్నాను, క్షమించాలి.

అవ్వ చెప్పు కథల నాలకించుచు నిద్ర
పోవు వేళ కలలు పొంగి వచ్చె
కోడి లేచి పోయి కొండను మింగంగ
చెట్టు నెక్కి చేప చెరువు త్రాగె

నిర్వాహకుడు:

కథ, కల రెండూ ఒకే పద్యంలో పెట్టి మరీ ఎదిరించారు. ఛందస్సులో తప్పు లేదు. కానీ కలలో ఏనుగు ఎగిరినా అడిగేవారు లేరు, అవధాన సభలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడు దీన్ని ఒప్పుకున్నా పెదవి విరుస్తాడు. కొండను మింగిన కోడి మాత్రం నాకు నచ్చింది.

వానచినుకు:

గట్టు చెట్టు నీడ కదలు నీటను దోచ
కొమ్మ కొమ్మ నడుమ కులుకులాడి
పైకి తేలి నోరు బాగుగా తెరచుచు
చెట్టు నెక్కి చేప చెరువు త్రాగె

పొద్దున్నే చెరువు గట్టు మీద కూర్చునేదాన్ని. నీళ్ళలో చెట్టు తలకిందులుగా కనిపించేది, చేప కింది నుంచి పైకి వస్తుంటే కొమ్మలు పట్టుకుని ఎక్కుతున్నట్టే ఉండేది.

గట్టుగాలి:

ఇలాంటి పూరణ నాకు తట్టలేదే అని కుళ్ళుగా ఉంది.

యతిభంగం:

వచ్చినవాటిలో నా ఓటు దీనికే. ఎవరినీ మార్చలేదు, ఏ పేరూ పెట్టలేదు. చేప చేపే, చెట్టు చెట్టే. చూసిన చోటు మారింది, అంతే.

రెండు మాటలు. 'బాగుగా' గణం నింపడానికి తెచ్చిన పదం, అది లేకపోయినా అర్థానికి లోటు లేదు. అక్కడ 'బారజాపుచు నీడ' అని ముగించి చూడండి. పాదం విరిగే చోట 'నీడ చెట్టు' అని కలిసి వస్తుంది, విరుపులోనే సమస్య విడిపోతుంది. రెండోది, మీరు వచనంలో చెప్పిన ఆ పిల్ల పద్యంలో ఎక్కడా కనబడదు. 'కులుకులాడి' అందంగానే ఉంది గానీ, ఆ పాదం వదులుకుని పిల్లను గట్టు మీద కూర్చోబెట్టండి.

వానచినుకు:

కులుకులాటను వదులుకోవడానికి మనసొప్పలేదు, అయినా:

గట్టు చెట్టు నీడ కదలుచుండగ నేను
కాళ్ళు నీట ముంచి కనుచు నుంటి
పైకి తేలి నోరు బారజాపుచు నీడ
చెట్టు నెక్కి చేప చెరువు త్రాగె

కాళ్ళు ముంచితే చిన్న చేపలు వచ్చి వేళ్ళు కొరికేవి. కితకితలు! అది ఇందులో పట్టలేదు.

మడుగు:

పద్యాలు రాయను, చదువుతాను. చేపలు పెంచిన అనుభవంతో చెబుతున్నాను. వానచినుకు గారు పొద్దున్నే అన్నది సరిగ్గా కుదిరింది. రాత్రంతా నీటిలో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది, తెల్లవారే వేళకు మరీ తక్కువ. అందుకే కొన్ని చెరువుల్లో ఆ వేళకు చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఇక తాగడం సంగతా, మంచినీటి చేప నీళ్ళు దాదాపుగా తాగదు. మొప్పల గుండానే కావలసినంత లోపలికి వచ్చేస్తుంది. తాగేది సముద్రపు చేప. మీ సమస్యలో అసలు అబద్ధం చెట్టెక్కడం కాదు, చెరువు తాగడం. అనాబస్ అనే చేప మొప్పల కప్పులను ఊతం చేసుకుని నేల మీద పాకుతుంది, గాలి కూడా పీలుస్తుంది.

నిర్వాహకుడు:

మడుగు గారూ, సమస్య ఇచ్చినవాడి మీదే సమస్య వేశారు.

కొత్తకలం:

మొదటిసారి రాస్తున్నాను, కొంచెం టెన్షన్‌గా ఉంది. తప్పులుంటే చెప్పండి.

కాగితంబు తోడ గాలిపటము చేసి
చేప బొమ్మ వేసి ఎగురవేయ
గాలి వచ్చి దారం తెగిపోగా
చెట్టు నెక్కి చేప చెరువు త్రాగె

పాత నోటుపుస్తకం కాగితాలు, చీపురుపుల్లలతో మా అన్నయ్య గాలిపటాలు చేసేవాడు. వాటి మీద బొమ్మలు వేసే పని నాది. చేప బొమ్మ వేసింది తెగి చెట్టుకు చిక్కింది, మర్నాడు గాలికి అక్కణ్ణుంచి చెరువులో పడింది. వారమంతా అన్నయ్యతో మాట్లాడలేదు.

యతిభంగం:

కొత్తకలం గారూ, టెన్షన్ ఎందుకండీ, ఊహ మీదే, అది ఎవరూ నేర్పలేరు. మొదటి పాదం నిర్దోషం.

రెండో పాదంలో గణాలు సరే, యతి తప్పింది. 'చే'కు 'ఎ' చెల్లదు. అచ్చులు కలిశాయి గానీ హల్లు కూడా కలవాలి. 'వేసి ఎగుర' అని విడదీయడం కూడా పద్యంలో నప్పదు. మూడో పాదంలో 'దారం' రెండు గురువులు, సూర్యగణం కాదు. సూర్యగణమంటే 'గాలి'లా గురువు-లఘువు, లేదా 'కడకు'లా మూడు లఘువులు. పైగా ఐదు గణాలుండాల్సిన చోట నాలుగే ఉన్నాయి. నేనైతే ఇలా అంటాను:

కాగితంబు తోడ గాలిపటము చేసి
చేప బొమ్మ దిద్ది చేత విడువ
గాలి సుడుల జిక్కి కడకు దారము తెగ
చెట్టు నెక్కి చేప చెరువు త్రాగె

కొత్తకలం:

చాలా థాంక్స్ అండీ. 'చిక్కి' అనకుండా 'జిక్కి' అన్నారెందుకు?

యతిభంగం:

'సుడులన్' అని చివర నకారం ఉంది. దాని తర్వాత చకారం జకారమవుతుంది. సరళాదేశం అంటారు.

గట్టుగాలి:

మర్నాడు చెరువులో పడిన ముక్క పద్యంలోకి రాలేదు గానీ, 'కడకు' ఆ ఆలస్యాన్ని కొంత మోసింది. అన్నయ్యతో మళ్ళీ మాట్లాడారా లేదా?

కొత్తకలం:

ఇంకో గాలిపటం చేసిచ్చాక.

తీరిక:

నాది క్రమాలంకారం, పై పాదాల ప్రశ్నలకు చివరి పాదంలో వరుసగా జవాబులు. పాత పనిముట్టే, ఇంకా తెగుతుంది.

పిట్ట గూడు నెట్లు పిల్లవాడట జూచె?
ఈత నేర్పకున్న నీదు నేది?
ఎండ కలసి మంద యేమి చేసెను సంజ?
చెట్టు నెక్కి, చేప, చెరువు త్రాగె

నిర్వాహకుడు:

మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. మామూలుగా క్రమాలంకారంలో సంబంధం లేని ప్రశ్నలు పోగేస్తారు. ఇక్కడ మూడూ ఒకే ఊరి దృశ్యాలు, అందుకే అతుకు కనబడలేదు. మొదటి పాదంలో 'అట' మాత్రం కాస్త బలవంతంగా కూర్చుంది. జ్ఞాపకం రాయలేదే?

తీరిక:

గూటిలో గుడ్లు ముట్టుకున్నందుకు తాతయ్య చెవి మెలిపెట్టారు. ఇంతకంటే రాయబుద్ధి కాలేదు.

నిర్వాహకుడు:

ఈసారికి వానచినుకు గారిదే మొదటి స్థానం, గట్టుగాలి గారి సవరించిన పద్యం దాని పక్కనే. వచ్చే వారం తేటగీతి చివరి పాదం:

బడికి సెలవని యేడ్చిరి బాలు రెల్ల

కొత్తకలం:

ఇది నాకు తెలుసు! బంతి బడి గదిలోనే ఉండిపోయింది, తాళం వేసేశారు. పద్యం చేసి తెస్తాను.